చేపల ట్యాంకు సంప్‌కి రిటర్న్ పంపు: పెద్దది కొని వాల్వ్ తిప్పుకోవాలా, సరిపడేదే కొనాలా?

కొర్రమీను: అందరికీ నమస్తే. నాది 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంకు. కింద స్టాండులో సంప్ (ట్యాంకు నీళ్లు దిగి శుభ్రమయ్యే తొట్టి) పెట్టాను, అక్కణ్నుంచి నీళ్లు తిరిగి పైకి తోసే రిటర్న్ పంపు కొనాలి. లెక్కకి 450 లీటర్లు, పైన వదిలిన ఖాళీ, రాళ్లు తీసేస్తే 400. రెండు ఆస్కార్ చేపలు, ఒక ప్లెకో చేప ఉన్నాయి. ఒక షాపులో "గంటకి పదిసార్లు నీళ్లు తిరగాలి, గంటకి 8000 లీటర్ల పంపు తీసుకో" అన్నారు. ఇంకో షాపులో 3000 చాలన్నారు. ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

వాలుగ: పెద్దదే కొను తమ్ముడూ. ఆస్కార్లు మేసేదీ ఎక్కువ, పాడుచేసేదీ ఎక్కువ. పెద్ద పంపైతే వాల్వ్ తిప్పి తగ్గించుకోవచ్చు, చిన్నదాన్ని పెంచడం ఎవరి వల్లా కాదు. వాల్వ్ మాత్రం నీళ్లు బయటికొచ్చే పైపుకే పెట్టు, పీల్చే వైపు పెడితే పంపు పాడవుతుంది. ఆరేళ్లుగా నేను ఇలాగే నడుపుతున్నాను.

బొమ్మిడాయి: వాలుగ గారూ, వాల్వ్ విషయం నిజమే, మిగతాది నేను ఒప్పుకోను. అసలు డబ్బా మీద అంకె చూసి పంపు కొనడమే తప్పు. 3000 లీటర్లు అన్నది నీళ్లు పైకి ఎక్కించే పనే లేనప్పటి లెక్క. పక్కనే హెచ్-మ్యాక్స్ 3 మీటర్లు అని ఉంటే, ఆ ఎత్తులో చుక్క కూడా రాదని అర్థం. సంప్‌లో నీటి మట్టం నుంచి పైన నీళ్లు పడే చోటుదాకా టేపు పెట్టి కొలవండి. ఆ ఎత్తులో ఎంత వస్తుందో డబ్బాలోని గ్రాఫ్‌లో చూడండి. ప్రతి ఎల్బో (పైపు మలుపు) దగ్గరా ఇంకొంచెం పోతుంది.

ఇక పెద్ద పంపు సంగతి. పైకి ఎంత తోస్తే అంతా సంప్‌లోకి దిగే డ్రెయిన్ పైపులోంచి దిగాలి కదా. నేనూ పెద్దదే కొన్నాను. ఒక రాత్రి అనుబియాస్ మొక్క ఆకు ఒకటి ఊడి ఓవర్‌ఫ్లో (ట్యాంకు నీళ్లు డ్రెయిన్‌లోకి పొర్లే చోటు) జాలీకి అడ్డంగా అతుక్కుంది. సంప్‌లో పంపు ఉండే అరలోని నీళ్లన్నీ నిమిషాల్లో పైకెక్కి ట్యాంకు పొర్లింది. రెండింటికి లేచి అడుగేస్తే కాలికింద తడి. ప్లైవుడ్ స్టాండు ఉబ్బి, ఇప్పటికీ తలుపు సరిగ్గా పడదు.

కరెంటు కూడా చూడండి. ఆ పంపు 110 వాట్లు, నెలకి 79 యూనిట్లు. ఇప్పటిది 50 వాట్లు, 36 యూనిట్లు. ఇది ఇరవై నాలుగ్గంటలూ తిరిగే మోటారు.

వాలుగ: మరి చిన్న పంపుతో నీళ్లు గంటకి నాలుగైదు సార్లే తిరిగితే అడుగున చెత్త పేరుకోదా అమ్మా? నా అనుభవంలో పేరుకుంది.

బొమ్మిడాయి: పేరుకుంటుంది, కాదనను. కానీ దానికి ట్యాంకులోనే చిన్న వేవ్‌మేకర్ (నీళ్లని కదిలించే ఫ్యాన్‌లాంటిది) పెడితే సరిపోతుంది. అది నీళ్లు ఎత్తక్కర్లేదు కాబట్టి ఏడెనిమిది వాట్లతోనే చెత్తని ఓవర్‌ఫ్లో వైపు నెడుతుంది. అమ్మోనియాని తినే బ్యాక్టీరియా ఉండేది ఫిల్టర్ మీడియా (రింగులు, స్పాంజిలాంటివి) మీద. నీళ్లు రెట్టింపు వేగంతో పారినంత మాత్రాన అది రెట్టింపు పని చేయదు.

చందువా: డీసీ పంపు మాట ఎవరూ ఎత్తలేదేం? బటన్ నొక్కితే వేగం తగ్గుతుంది, కరెంటూ తగ్గుతుంది, చప్పుడు దాదాపు ఉండదు. ఏసీ పంపైతే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద గుయ్యిమంటుంది. డీసీలో భయమల్లా కంట్రోలర్ కాలిపోతుందనే. అందుకే ఒక పాత ఏసీ పంపు అటక మీద ఉంచుకున్నాను. బోరు నీళ్లవాళ్లు ఏది కొన్నా రెండు మూడు నెలలకోసారి ఇంపెల్లర్ (పంపులో తిరిగే రెక్కల చక్రం) తీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టండి. తెల్లగా గారపట్టి పంపు సగం నీళ్లే ఇస్తుంటే, పంపు చిన్నదైపోయిందని పెద్దది కొన్నవాళ్లని చూశాను.

కొర్రమీను: బొమ్మిడాయి అక్కా, మీరు చెప్పినట్టే కొలిచాను. ఎత్తు 1.4 మీటర్లు. స్నేహితుడి 3000 లీటర్ల పంపు తెచ్చి బిగించి, 20 లీటర్ల బకెట్ పట్టాను. 48 సెకన్లకి నిండింది, అంటే గంటకి 1500. నా ట్యాంకుకి నాలుగుసార్లకి కాస్త తక్కువ. నా డ్రెయిన్ ఒక్క అంగుళమే. 8000 పంపు పెట్టి ఉంటే సగానికి పైగా వాల్వ్ బిగించే ఉంచాల్సి వచ్చేది.

ఇంకొకటి. పరీక్షకని స్విచ్ ఆపితే గుండె ఆగినంత పనైంది. రిటర్న్ పైపు మూతి నీటిలోకి ఆరంగుళాలు దిగి ఉంది, నీళ్లు అదే దారిలో వెనక్కి సంప్‌లోకి దిగుతూనే ఉన్నాయి. నా ట్యాంకులో ఆరంగుళాలంటే 113 లీటర్లు! చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. ఇప్పుడు మూతిని అంగుళం లోతుకి జరిపాను, 19 లీటర్లే దిగుతున్నాయి.

వాలుగ: చెక్ వాల్వ్‌ని (నీళ్లు వెనక్కి రాకుండా మూసుకునేది) నమ్ముకుని అలాగే వదిలేయకపోవడం మంచిదైంది. దానికి పాచి పడితే సరిగ్గా మూసుకోదు. నీటి మట్టానికి సరిగ్గా కింద పైపుకి చిన్న రంధ్రం కూడా పెట్టు, గాలి పీల్చి సైఫన్ (నీళ్లు వాటంతటవే వెనక్కి లాక్కుపోవడం) తెగిపోతుంది. మీ ట్యాంకుకి 3000 చాలు, ఒప్పుకుంటున్నా. సముద్రపు చేపలు పెంచేవాళ్ల దగ్గర మాత్రం నా వాదన వదలను.