అప్‌డేట్: గీజర్ పాయింట్ నేనే వేసుకోవచ్చా అని అడిగిన ప్రశ్నకు

కూకట్‌పల్లిలోని మా పాత ఫ్లాట్‌లో గీజర్ కోసం కొత్త పాయింట్‌ను సొంతంగా వేసుకోవచ్చా అని గత నెల అడిగాను. వద్దని గట్టిగా చెప్పినవారికి కృతజ్ఞతలు. పర్మిట్ ఉన్న వైర్‌మన్‌ను పిలిపించాను.

ఆయన బాత్‌రూమ్ లైటు విప్పి, స్విచ్ ఆపి ఉండగానే తీగకు టెస్టర్ ఆనిస్తే అది వెలిగింది. ఎప్పుడో ఎవరో స్విచ్‌ను ఫేజ్‌కు (కరెంటు వచ్చే తీగకు) బదులు న్యూట్రల్‌పై (కరెంటు తిరిగి వెళ్లే తీగపై) కలిపారు; అందుకే స్విచ్ ఆపినా లైటు దగ్గర తీగలో కరెంటు ఉంది. స్విచ్ ఆపితే చాలనుకున్న నేనైతే ఆ తీగనే పట్టుకునేవాడిని. ఆయన మాత్రం బాత్‌రూమ్ ఎంసీబీ (ఆ గదికి కరెంటు ఆపే బ్రేకర్) దించి, టెస్టర్ పనిచేస్తోందో లేదో పక్కగదిలో కరెంటున్న సాకెట్‌లో చూసుకుని, ఇక్కడ పరీక్షించి, మళ్లీ అక్కడ సరిచూసుకున్న తర్వాతే చెయ్యి పెట్టారు. నైపుణ్యం ఏమిటో నాకు అక్కడ కనిపించింది.

2,000 వాట్ల గీజర్ 230 వోల్టుల వద్ద దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది. అందుకని లైటు తీగ నుంచి కలపకుండా, డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను విడిగా లాగి, 16 ఆంపియర్ల సాకెట్‌కు ఎర్త్ (లీకైన కరెంటును భూమిలోకి పంపే తీగ) కలిపి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే పరికరం) బిగించారు.

పాత బోర్డు వెనక కత్తిరించి మడిచిపెట్టిన ఎర్త్ తీగ కూడా బయటపడింది. మిగిలిన గదుల బోర్డులను వచ్చే ఆదివారం ఆయనతోనే విప్పించి చూపించుకుంటున్నాను.