స్మోకర్‌లో మూడో అర పెట్టొచ్చా? రెండు విడతలుగా వండుకోవడమే మేలా?

ప్లేనో_పెరడు
మా ఇంట్లో 18 అంగుళాల వెబర్ స్మోకీ మౌంటెన్ ఉంది, అంటే బొగ్గుల వేడితో, పొగతో మాంసం నెమ్మదిగా వండే స్మోకర్. అడుగున బొగ్గులు, వాటి పైన నీళ్ల పళ్లెం, ఆపైన రెండు గ్రిల్లులు. రెండూ కలిపి సుమారు 480 చదరపు అంగుళాల జాగా. మే నెలాఖరున మా పెద్దబ్బాయి హైస్కూల్ గ్రాడ్యుయేషన్ పార్టీకి 45 మంది వస్తారు. 60 చికెన్ లెగ్ పీసులు, ఒక మేక తొడ చేయాలి. పై గ్రిల్ మీద నాలుగంగుళాల బోల్టులు నిలబెట్టి, వాటిపై ఇంకో గ్రిల్ కూర్చోబెడదామనుకుంటున్నాను. ఇంట్లో వాళ్లు కేటరింగ్‌కు ఇచ్చేయమంటున్నారు. వాడు ఆగస్టులో హాస్టల్‌కి వెళ్లిపోతాడు, ఈ ఒక్కసారికి నా చేత్తోనే వండి పెట్టాలని ఉంది. చేసినవాళ్లు చెప్పండి.

ఆస్టిన్_అన్న
నిస్సందేహంగా పెట్టు తమ్ముడూ. నాలుగేళ్లుగా నేను అలాగే చేస్తున్నాను. గ్రిల్‌కి బెజ్జాలు కొట్టక్కర్లేదు. నాలుగు స్టెయిన్‌లెస్ బోల్టులు ఊచల మధ్య దూర్చి, పైనా కిందా పెద్ద వాషర్లు వేసి నట్టు బిగిస్తే కదలదు. ఒక్క విషయంలో మాత్రం పొదుపు చేయకు. బోల్టులు, గ్రిల్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలే కొను. జింకు పూత ఉన్నవి చవగ్గా దొరుకుతాయి కానీ నిప్పు మీదికి పనికిరావు. పాత ఫ్రిజ్ అరలు అసలే వద్దు, కొన్నిటికి కాడ్మియం పూత ఉండేది.

లెక్కల_మాస్టర్
నా అభిప్రాయం వేరండీ. అర పెంచితే జాగా పెరుగుతుంది, నిప్పు పెరగదు. మీరు చెప్పిన మాంసం ఎంత లేదన్నా 10 కిలోలు. ఫ్రిజ్‌లోంచి తీసిన 10 కిలోల చికెన్‌ను లోపల 165 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తేవాలంటే సుమారు 2,400 కిలోజూళ్లు కావాలి. ఉడికేటప్పుడు కిలోన్నర నీరు ఆవిరైతే, దానికి ఇంకో 3,400. నా ఎలక్ట్రిక్ స్మోకర్ 800 వాట్లది. ఆ వేడంతా మాంసానికే చేరినా రెండు గంటలు. నిజంగా అంతా చేరదు, చాలా భాగం గోడల గుండా, పొగతో పాటూ పోతుంది. అంటే ముందు గంటన్నర మాంసం గోరువెచ్చగా కూర్చుంటుంది. 40 నుంచి 140 డిగ్రీల మధ్యే కదా సూక్ష్మజీవులు వేగంగా పెరిగేది. అమెరికా వ్యవసాయ శాఖ స్మోకర్ లోపలి గాలి 225 నుంచి 300 డిగ్రీల మధ్య ఉండాలని చెబుతుంది. రెండు విడతలుగా వండండి, హాయిగా ఉంటుంది.

ఆస్టిన్_అన్న
మాస్టారూ, మీ లెక్క కరెంటు స్మోకర్‌కు సరిపోతుంది. బొగ్గుకు 800 వాట్లని హద్దు లేదు. కింది గాలి తలుపులు ఇంకాస్త తెరిస్తే మంట పెరుగుతుంది.

లెక్కల_మాస్టర్
ఒప్పుకుంటాను. కానీ ఆ గాలి పైకి వెళ్లాలి కదా. మూడు అరల నిండా ముక్కలు పేరిస్తే దానికి దారేదీ? పొగ లోపలే నిలిచిపోతే మాంసం మీద చేదు మసి పట్టేస్తుంది. పోయిన దసరాకి నాకు అదే జరిగింది. నాలుగు అరలూ నింపాను, పొగ బయటికి పోయే పై గాలి తలుపు సగం మూశాను. తెల్లటి చిక్కటి పొగ, నోట్లో పెట్టుకుంటే తారు రుచి. ఏడు కిలోల చికెన్ పారేశాను. ఆ రోజు వచ్చినవాళ్లకు పిజ్జాలు తెప్పించాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకెవరికీ వద్దనే ఇంతగా చెబుతున్నాను.

గోదారి_గట్టు
మా అమ్మమ్మ కట్టెల పొయ్యి పైన వెదురు తడక కట్టి చేపలకు పొగ పెట్టేది. రెండు తడకలు ఉండేవి. కానీ చేపకూ చేపకూ మధ్య వేలెడు సందు వదిలేది, ఒకదాన్నొకటి తాకనిచ్చేది కాదు. ఎక్కువ చేపలు వస్తే మర్నాడు పెట్టేది తప్ప ఇరికించేది కాదు. నన్నడిగితే మూడో అర ఎక్కువ ముక్కలు పెట్టడానికి కాదు, ఉన్న ముక్కల్ని ఎడంగా పరచడానికి.

ఓరుగల్లు_వంటిల్లు
ఇంతసేపూ ఎవరూ అడగని మాట నేను అడుగుతాను. ఏ అరలో ఏది పెడతారు? పై అరలోంచి పచ్చి చికెన్ నీరు కింద ఉన్న మేక తొడ మీద కారుతుంది. మేకను దించాల్సిన వేడి వేరు, చికెన్‌ను దించాల్సిన వేడి వేరు. కాబట్టి కోడి ఎప్పుడూ అన్నిటికన్నా కింద ఉండాలి. 60 ముక్కలంటే మూడు అరల్లోనూ చికెనే ఉంటుంది. అయితే మేక వేరే రోజు చేసుకోవాల్సిందే.

ఇంకొకటి. 45 మందిలో శాకాహారులు ఉంటారు కదా? మా ఇంట్లో ఒకసారి పనీరు, మొక్కజొన్న పొత్తులు అన్నిటికన్నా పై అరలో పెట్టాను. పైన ఏమీ లేదు, ఏ చుక్కా కారదు అనుకున్నాను. మా ఆడపడుచు వచ్చి స్మోకర్ మూత తీసి చూసి, ఒక్క ముక్క ముట్టుకోలేదు. ఆమెది తప్పు కాదు. ఒకే పొగలో మాంసం ఉడుకుతోందని తెలిశాక ఆమెకు ఎలా దిగుతుంది? మూడో అర పెట్టండి, కానీ శాకాహారం కోసమని మాత్రం పెట్టకండి. వాళ్లకు వేరే పొయ్యి వెలిగించండి.

ఆస్టిన్_అన్న
అక్కా, ఇది నాకు తట్టనే లేదు. నేను ఇన్నాళ్లూ మొక్కజొన్న పై అరలోనే పెడుతున్నాను. ఇక మానేస్తాను.

ప్లేనో_పెరడు
అందరికీ ధన్యవాదాలు. మొన్న శనివారం మూడో అర బిగించి, 36 లెగ్ పీసులతో చేసి చూశాను. అరకు పన్నెండు, మధ్యలో వేలెడు సందు. పొగ కోసం పెకాన్ చెక్క మూడు ముక్కలు వేశాను, పై గాలి తలుపు పూర్తిగా తెరిచి ఉంచాను. చికెన్ పెట్టేముందు లోపల 275 డిగ్రీలు. పెట్టగానే 220కి పడింది, మళ్లీ 275కి రావడానికి 35 నిమిషాలు పట్టింది. మూతకున్న మీటర్ నమ్మకుండా ప్రతి అరలో ఒక ముక్కకు ప్రోబ్ (లోపలి వేడి కొలిచే పుల్ల) గుచ్చాను. పై అర గంటన్నరలో 165 దాటింది, కింది అరకు ఇంకో 25 నిమిషాలు. ముక్కలు అటూ ఇటూ మార్చి మూత తెరిస్తే వేడి పోతుందని, అయిన అరను అయినట్టు దించేశాను. రుచిలో చేదు లేదు.

కాబట్టి మేక తొడ ముందు రోజే చేసి, కోసి, ఫ్రిజ్‌లో పెట్టి, పార్టీ రోజు దాని రసంతోనే మళ్లీ 165కి వేడి చేస్తాను. చికెన్ మొదటి విడత 45, అరకు పదిహేను. మిగిలిన 15 పై అర ఖాళీ అవగానే అందులో పెడదామా అనుకున్నాను, కానీ పచ్చి చికెన్ నీరు కింద ఉడికినవాటి మీద పడుతుంది. అందుకని మూడు అరలూ దించాకే రెండో విడత.

లెక్కల_మాస్టర్
మూడో అర పెట్టినా రెండు విడతలు తప్పలేదు చూశారా. రెండు అరల్లో 30, మళ్లీ 30 చేసినా అంతే సమయం.

ప్లేనో_పెరడు
సమయం దాదాపు అంతే మాస్టారూ, కాదనను. కానీ 45 మంది కూర్చునేసరికి 45 ముక్కలు ఒకేసారి పళ్లెంలోకి వస్తాయి. మొదటి పంక్తిలో మా వాడి స్నేహితులు ఎవరూ ఎదురుచూడక్కర్లేదు. నాకు కావాల్సింది అదే.

ఓరుగల్లు_వంటిల్లు
మే నెలాఖరు టెక్సాస్ ఎండలో పార్టీ పెరట్లో పెడుతున్నారా? బయట 90 డిగ్రీలు దాటితే వండినదాన్ని గంటకు మించి బల్ల మీద ఉంచొద్దు. మొదటి పళ్లెంలో మిగిలినవి లోపలికి తెప్పించేయండి. మొక్కజొన్నకు మీ దగ్గర విడి గ్రిల్ లేకపోతే చెప్పండి, మేం మీ ప్లేనో దగ్గరే, మెకిన్నీలో ఉంటాం, మాది ఎప్పుడూ మాంసం తగలనిది ఒకటి ఉంది.