మౌత్‌గార్డ్: మూడొందలది చాలా, డాక్టర్ దగ్గర చేయించాల్నా?

ఇందూరు_నాన్న:
మాది నిజామాబాద్. మా పాపకు పన్నెండేళ్ళు, నిఖత్ జరీన్ 2022ల వరల్డ్ ఛాంపియన్ అయినప్పటి సంది బాక్సింగ్ అని ఒకటే పట్టు, ఆర్నెల్ల కింద చేర్పిచ్చినం. ఇప్పుడు స్పారింగ్ (ఎదురుగ మనిషితోని కొట్లాట ప్రాక్టీసు) మొదలైంది, గమ్‌షీల్డ్, అంటే పండ్లకు తొడిగే ఈ మౌత్‌గార్డే, లేకుంటే కోచ్ సార్ రింగ్‌ల అడుగు పెట్టనియ్యడు. వేడినీళ్ళల్ల ముంచి కొరికే రకం ఆన్‌లైన్ల మూడొందలకు తెప్పిచ్చిన. రెండుసార్లు వేడి జేసి కొరికిచ్చినా నోరు తెరిస్తే చాలు జారి కిందికొస్తది, అది పడకుండ పండ్లు బిగవట్టుకునే ఉంటది, ఊపిరి ఆడ్తలేదు నాన్నా అంటది. మొన్న బ్యాగ్ చూస్తే గార్డ్ సాక్స్‌ల దాచిపెట్టింది, సార్ అటు తిరగంగనే తీసేస్తదట. పండ్ల డాక్టర్‌ని అడిగితే కొలత తీసి చేసిస్తా, 2,800 అయితది అన్నడు. పై కోర పండ్లు ఇంక సగమే దిగినయ్, ఏడాదికే టైట్ అయిపోవచ్చని కూడ ఆయనే చెప్పిండు. మరి ఏడాది ముచ్చటకు అంత పెట్టాల్నా, ఇంకో మూడొందలది కొని చూడాల్నా? చేయించినోళ్ళు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి.

పళ్ళ_డాక్టరమ్మ:
నేను విజయవాడలో డెంటిస్ట్‌నండి. ముందు ఒక చిన్న పరీక్ష చేయించండి, పాపని గార్డ్ పెట్టుకుని నోరు బార్లా తెరిచి "అమ్మా, నీళ్ళు కావాలి" అనమనండి. కొరక్కుండానే పైపళ్ళకి అంటుకుని ఉండాలి, మాట అర్థమవ్వాలి. జారిందంటే అది లేనట్టే లెక్క, ఎందుకంటే దెబ్బ తగిలే క్షణానికి నోరు తెరిచి ఉంటే గార్డ్ పళ్ళ మీద ఉండదు.

వేడినీళ్ళ రకంతో ఇంకో తంటా ఉంది. పిల్లలు ఉత్సాహంగా గట్టిగా కొరికేస్తారు, దంతాల కింద పొర కాగితమంత పలచనైపోతుంది, మీరు రెండుసార్లు చేశారు కాబట్టి మీదీ అలాగే అయ్యుంటుంది, వెలుతురుకి పట్టి చూడండి. మేం చేసేదైతే పైదవడకి అల్జినేట్ ముద్దతో అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి, ఆ నమూనా మీద ఈవీఏ అనే మెత్తటి ప్లాస్టిక్ షీటు వేడి చేసి లాగుతాం, పెదవి వైపు సుమారు 3 మిల్లీమీటర్ల మందం వచ్చేలా చూసుకుంటాం. చిగుళ్ళ దగ్గర అంచు నున్నగా అరగదీస్తాం కాబట్టి గుచ్చుకోదు, వెనక మరీ లోపలికి పోకుండా కత్తిరిస్తాం కాబట్టి వాంతి వచ్చినట్టు ఉండదు.

కోర పళ్ళ సంగతి మీ డాక్టర్ నిజమే చెప్పారు. అయితే ప్లాస్టర్ నమూనాలో ఆ పళ్ళు దిగే చోట ముందే కాస్త నింపి షీటు లాగితే లోపల ఖాళీ ఉంటుంది, పన్ను దిగడానికి చోటు దొరుకుతుంది. ఆ మాట మీరే అడగండి, అడక్కపోతే కొందరు పట్టించుకోరు. క్లిప్పులు వేయించే ఆలోచన ఉంటే మాత్రం అది తేలాకే గార్డ్ చేయించండి, లేదంటే డబ్బులు రెండుసార్లు.

ఇంకోటి, ఇది పళ్ళకీ పెదవులకీ రక్షణ, తలకి దెబ్బ తగిలితే మెదడు అదరకుండా ఆపుతుందని ఎవరైనా అమ్మితే నమ్మకండి, దానికి గట్టి ఆధారం లేదు.

రైడర్_సిక్కోలు:
డాక్టరు గారు చెప్పింది అక్షరాలా నిజమండి. మేం కబడ్డీలో గార్డా గీర్డా అని నవ్వుకునేవాళ్ళం, ఇంటర్లో ఉండగా రైడ్‌కి వెళ్తే డిఫెండర్ తల వచ్చి నా ముందు పన్నుకి తగిలింది, పన్ను మొత్తం వేరుతో సహా ఊడి మట్టిలో పడింది, మా వాడొకడు తెలివిగా ఏరి కుళాయి కింద బట్టతో తోమి తోమి తెల్లగా చేసి పేపర్లో చుట్టి జేబులో పెట్టాడు. ఆస్పత్రికి వెళ్ళేసరికి మూడు గంటలు. ఇప్పుడున్నది బ్రిడ్జి, అంటే పక్క పళ్ళ ఆసరాతో కట్టిన పెట్టుడు పన్ను, దానికోసం పక్కనున్న మంచి పళ్ళు రెండు అరగదీశారు. దానికైన ఖర్చు ముందు 2,800 ఒక లెక్కా?

పళ్ళ_డాక్టరమ్మ:
@రైడర్_సిక్కోలు అయ్యో, ఆ తోమడమే దాన్ని చంపేసింది. వేరు మీద సన్నటి పొర ఉంటుంది, అది బతికుంటేనే పన్ను మళ్ళీ అతుక్కుంటుంది. అందరూ గుర్తుపెట్టుకోండి, పన్ను ఊడితే తెల్ల భాగం పట్టుకోవాలి, వేరు ముట్టుకోకూడదు. మట్టి ఉంటే పాలతో ఒకసారి కడిగి, మనిషి తెలివిలో ఉంటే అక్కడికక్కడే గుంటలో పెట్టి గుడ్డ కొరికించి తీసుకురావాలి. భయమేస్తే చల్లటి పాలల్లో వేసి తేవాలి, మంచినీళ్ళల్లో వద్దు. అరగంటలోపు వస్తే మంచిది. పాల పన్నైతే మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద వచ్చే పన్ను పాడవుతుంది.

డల్లాస్_అత్తయ్య:
ఇక్కడ హైస్కూల్ ఫుట్‌బాల్‌కి, అంటే మన ఫుట్‌బాల్ కాదు లెండి, హెల్మెట్లు పెట్టుకుని కుమ్ముకునేది, మౌత్‌గార్డ్ లేకపోతే ఆడనివ్వరు. మావాడు మాత్రం దాన్ని చూయింగ్ గమ్‌లా నమిలేస్తాడు, ఒక సీజన్లో మూడు పోయాయి. ఒకటి కారులో డాష్‌బోర్డ్ మీద వదిలేస్తే ఎండకి అప్పడంలా వంకర తిరిగింది. చల్లనీళ్ళతో కడిగి చిల్లులున్న డబ్బాలో పెట్టాలి, వేడినీళ్ళు తగిలాయా అంతే సంగతులు.

నిద్రపట్టనివాడు:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. నాకు రాత్రి పళ్ళు పటపటా కొరికే అలవాటు, మా ఆవిడ లేపి మరీ తిడుతోంది. ఈ మూడొందలదే పెట్టుకుని పడుకోవచ్చా?

పళ్ళ_డాక్టరమ్మ:
వద్దండి. ఇది మెత్తది, కొందరు నిద్రలో ఇంకా ఎక్కువ నములుతారు. మీకు కావాల్సింది నైట్ గార్డ్, ఎక్కువగా గట్టి అక్రిలిక్‌తో చేస్తాం, కింది పళ్ళు దానికి ఎక్కడెక్కడ తగులుతున్నాయో చూసి సరిచేయాలి. చూపించుకోండి.

ఇందూరు_నాన్న:
పదిహేను దినాలైంది, చెప్పి పోదామని వచ్చిన. మొదలైతే పాత గార్డ్ కిటికీకి పట్టి చూసిన, వెనక దవడ పండ్ల కాడ అవుతలి కొబ్బరిచెట్టు కనవడ్డది. ఇగ ఆలోచన చెయ్యలే, చేపిచ్చిన. అచ్చు తీసేటప్పుడు ముద్ద నోట్లె పెట్టంగనే కండ్లల్ల నీళ్ళొచ్చినయ్ పాపకు, ముక్కుతోని ఊపిరి తీస్కో బిడ్డా, కాలివేళ్ళు ఆడియ్యి అన్నడు డాక్టర్, వేళ్ళు లెక్కవెట్టుకుంట కూసున్నది, అయిపోయింది. కోర పండ్లకు జాగ వదలమని అడిగితే, మీకెవరు చెప్పిన్రు సార్ అని నవ్విండు, వదిలిండు.

కలర్ ఎర్రది కావాలని లొల్లి చేసింది. కోచ్ సార్‌కు ఫోన్ చేస్తే ఎరుపు వద్దే వద్దన్నడు, రక్తం వచ్చినా కనవడదు, పోటీలల్ల ఒప్పుకోరట. నీలం తీస్కున్నం. నిన్న స్పారింగ్ అయినంక బ్యాగ్ సర్దుతుంటే సాక్స్‌ల చెయ్యి పెట్టి చూసిన, ఏం లేదు. యాడ పెట్టినవ్ అంటే నోరు తెరిచి చూపిచ్చింది, ఇంక తీయనే లేదు.