‘యమాతారాజభానసలగం’: చివర గం అనాలా, గః అనాలా?

పాతచొక్కా: మూడేసి అక్షరాల గణాల్ని గుర్తుంచుకునే సూత్రం చివర ‘సలగం’ అనాలా, ‘సలగః’ అనాలా? అల్గారిదమ్‌ల చరిత్ర రాస్తూ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ క్నూత్ మన ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడి దాకా వెళ్ళాడని తెలిసి, సూత్రం వల్లిద్దామంటే ఇక్కడ ఆగిపోయాను. ఇంట్లో పైపు ఆర్గాన్ కట్టించుకున్న మనిషికి మన ఛందస్సుతో ఏం పనో!

తేటగీతి: గం. వల్లె వేయించింది అదే. ఇక ఆర్గాన్ వాయించేవాడికి కాకపోతే ఇంకెవరికండీ పని? లయ తెలిసినవాడికి గురులఘువుల అమరికలన్నీ వరసగా రాసే ప్రస్తారం చూపిస్తే వదులుతాడా?

లఘువు: గం అన్నా, గః అన్నా గురువే. ఉత్త ‘గ’ అంటేనే చిక్కు. సూత్రంలో ఏ అక్షరం నుంచి మూడు తీస్తే ఆ పేరు గణం కదా. ‘సలగ’ మూడూ లఘువులై నగణం రెండోసారి వస్తుంది, సగణం ఎగిరిపోతుంది.

రసజ్ఞుడు: పాదాంత లఘువు వికల్పంగా గురువే కదా. ఉత్త ‘గ’ కూడా చెల్లుతుంది.

తేటగీతి: అది సంస్కృతంలో. మన పోతన ‘ఎవ్వనిచే జనించు’ పాదాన్ని ‘లీనమై’ అని అసలు సిసలు గురువుతో దించాడు. పదో అక్షరం ‘మె’లో ఎకారాన్ని దాచి పాదం మొదటి ‘ఎ’తో యతి కలిపాడు చూశారా, ఆ సొగసు ముందు మీ వికల్పాలు ఏపాటివి!

బిట్టు: లఘువుకి 0, గురువుకి 1 వేయండి: 0111010001. వరసగా ఏ మూడు తీసినా ఒక గణం, ఎనిమిదీ ఒక్కోసారే వస్తాయి. చివరి రెండూ కొట్టేసి చక్రంలా చుట్టినా అంతే. దీన్నే గణితజ్ఞుడు డి బ్రాయిన్ పేరుతో డి బ్రాయిన్ వరస అంటారు. ఇలాంటి వరసలు ఎన్ని ఉంటాయో ఆయన 1946లో లెక్క కట్టాడు. ఫ్రాన్సులో 1894లోనే ఒకాయన కట్టాడని తెలిశాక 1975లో తనే ఆ ఘనత ఆయనకిచ్చాడు. చుట్టేస్తే ‘లగం’ అక్కర్లేదు, తగువూ లేదు.

లఘువు: ‘లగం’ కొట్టేస్తే లఘువు, గురువు కలిసిన రెండక్షరాల వగణం ఎక్కడిది? పోతన ఉత్పలమాల చివర ఉన్నది అదే. ‘నమై’.

బిట్టు: సరే, ఉంచుకోండి. ఈ వరసతో పేకముక్కల గారడీ కూడా చేస్తారు. గణితజ్ఞులు రాన్ గ్రాహం, పెర్సీ డయాకోనిస్ కలిసి దాని లెక్క వివరించారు. డయాకోనిస్ పద్నాలుగేళ్ళకే ఇల్లు వదిలి గారడీవాడి వెంట పోయినవాడు. గ్రాహం అమెరికా గణిత సంఘానికే కాదు, బంతులు ఎగరేసేవాళ్ళ అంతర్జాతీయ సంఘానికీ అధ్యక్షుడిగా చేసినవాడు.

రసజ్ఞుడు: అందరూ బయటివాళ్ళేనా? గ్రాఫులో, అంటే చుక్కల్ని బాణాలతో కలిపిన బొమ్మలో, బలంగా అల్లుకున్న భాగాల్ని రెండు నడకల్లో విడదీసే పద్ధతి కొసరాజు గారిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, జాన్స్ హాప్కిన్స్‌లో ఆచార్యుడైన సాంబశివరావు గారు.

తేటగీతి: కొసరాజు అనగానే సినిమా పాటల రాఘవయ్య చౌదరి గారనుకుని ఉలిక్కిపడ్డాను! ఆయన జానపద బాణీకి యమాతారా ఎందుకూ పనికిరాదు. అక్కడ రాజ్యం మాత్రలది.

బిట్టు: మాత్రల లెక్క కూడా పాతదే. లఘువు ఒక మాత్ర, గురువు రెండు. ఒకటి నుంచి ఐదు మాత్రల దాకా వరసగా 1, 2, 3, 5, 8 అమరికలు. మన పాత ఛందోవేత్తలు విరహాంకుడు, హేమచంద్రుడు చెప్పారు. పేరు మాత్రం ఇటలీ గణితజ్ఞుడు ఫిబొనాచ్చిది.

తేటగీతి: ఎనిమిదీ రాయండి, చూద్దాం.

బిట్టు: గగల, గలగ, లగగ, గలలల, లగలల, లలగల, లలలగ, లలలలల.

తేటగీతి: ‘లగ’తో మొదలైన రెండూ ఎదురునడక, తీసేయండి. తెలుగు పాటకి ఆరే.

రసజ్ఞుడు: ఎదురునడక పాటలో ఎందుకు కుదరదండీ? తాళంలో వేసి వినిపించమంటారా?