మోకాళ్ల నొప్పి ఉన్న నాన్నతో ఎడారి నడక: అరిజోనా స్కాట్స్‌డేల్‌లో తేలికైన లూప్ ఏది?

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చారండీ. ఫిబ్రవరిలో ఇక్కడి ఎడారి సంరక్షణ ప్రాంతం మెక్‌డోవెల్ సోనోరన్ ప్రిజర్వ్‌కు తీసుకెళ్లి, నిలువెత్తు సాగ్వారో కాక్టస్‌లు దగ్గర నుంచి చూపించాలని నా ఆశ. నాన్నకు 68 ఏళ్లు. చదును నేల మీద గంటన్నర హాయిగా నడుస్తారు, రాళ్ల దిగుడు వస్తేనే మోకాళ్లు పట్టేస్తాయి.

గేట్‌వే లూప్ దాదాపు నాలుగున్నర మైళ్లు, పైగా మధ్యలో కొండ ఎక్కాలి. అక్కడే ఉన్న బజాడా నేచర్ ట్రైల్ అర మైలే, మరీ చిన్నది. ఉత్తరాన బ్రౌన్స్ రాంచ్ వైపు రెండు మూడు మైళ్లలో మళ్లీ కారు దగ్గరికే చేరే దారి ఉందా? ఏ మలుపుల్లో తిరగాలి?

ఇంకొకటి, అమ్మ చీరలోనే వస్తానంటోంది. చోయా కాక్టస్ ముళ్లు పట్టుకుంటే వదలవు కదా, అందుకే టెన్షన్. దారి వెడల్పుగా ఉంటుందా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.