మేడిగడ్డ వెనక నీళ్లు, సిరోంచ పొలాలు: తేల్చాల్సింది కేంద్రమా, రాష్ట్రాలా?

సిరోంచ పత్తిరైతు:
గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ ఒక చివర తెలంగాణలో, ఇంకో చివర మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఉంది. 2016లో రెండు రాష్ట్రాలూ కూర్చుని 100 మీటర్ల నీటి మట్టానికి ఒప్పుకున్నాయి. 2019లో ప్రారంభించారు. అప్పటినుంచి వెనక నీళ్లకు చేన్లు మునుగుతున్నాయని ఈ ఒడ్డు రైతులు మొత్తుకుంటున్నారు. ఇది రాష్ట్రాలే మాట్లాడుకోవాలా, కేంద్రం చేతికి ఇవ్వాలా?

అంకీసా టీచర్:
కేంద్రం బాధ్యత తీసుకోవాల్సిందే. రాజ్యాంగంలో నీరు రాష్ట్రాల జాబితాలో 17వ అంశం, నిజమే. కానీ అది కేంద్ర జాబితాలోని 56వ అంశానికి లోబడే ఉంటుంది. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ ఎంతవరకు కేంద్రానికి అవసరమో పార్లమెంటే చెప్పాలి. ఇక్కడి చిక్కు ఏంటంటే, బ్యారేజీ కట్టింది హైదరాబాద్‌లోని ప్రభుత్వం, మునిగేది ఇక్కడి పొలం. ఆ ప్రభుత్వాన్ని దించే ఓటు మనకు లేదు. ముంబైకేమో మనం చిట్టచివరి తాలూకా. పోనీ పొరుగు రాష్ట్రాలు కలిసి మాట్లాడుకునే జోనల్ కౌన్సిల్‌లో అడుగుదామా అంటే, మహారాష్ట్ర పశ్చిమ కౌన్సిల్‌లో, తెలంగాణ దక్షిణ కౌన్సిల్‌లో ఉన్నాయి. రెండు కౌన్సిళ్లూ ప్రత్యేకంగా ఉమ్మడి సమావేశం పెట్టుకుంటే తప్ప ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోరు!

ఆసరెల్లి కుర్రోడు:
సార్, మీ బాధ నాదీ. కానీ కేంద్రం చేతికి వెళ్తే ఏమవుతుందో పోలవరంలో చూడలేదా? 2014లో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. తెలంగాణ వద్దన్నా ఆగలేదు. రాజ్యాంగం మూడో అధికరణం కింద రాష్ట్రం హద్దు మార్చాలంటే శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోవాల్సిన పని లేదు. అక్కడి ఆదివాసీల మాట ఎవరు విన్నారు? కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే అంతర్రాష్ట్ర మండలి సంగతీ అంతే. 1990లో పెట్టారు. 2016 జూలైలో కూర్చున్నాక ఏళ్ల తరబడి ఒక్క సమావేశం లేదు. ఉన్న బల్లనే వాడని వాళ్లకు మన పొలం అప్పజెప్పాలా? కనీసం కలెక్టర్ ఆఫీసు ముందు మనం ధర్నా చేయగలం. ఢిల్లీ దాకా ఎవరు పోతారు?

అంకీసా టీచర్:
తమ్మీ, ఏడు మండలాల విషయంలో నీ మాట కాదనను. నేను అడిగేది హద్దులు మార్చే అధికారం కాదు, జవాబు చెప్పాల్సిన బాధ్యత. 2021 డ్యామ్ సేఫ్టీ చట్టం రెండు రాష్ట్రాల్లో విస్తరించిన డ్యామ్‌లను జాతీయ సంస్థ పర్యవేక్షణలో పెట్టింది. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగినప్పుడు ఆ సంస్థ బృందమే వచ్చి చూసింది. పిల్లర్ కుంగితే ఢిల్లీ నుంచి వస్తారు. మరి చేను మునిగితే ఎవరూ రారా? కట్టడం భద్రతకు ఒక చట్టం ఉన్నట్టే, అవతలి ఒడ్డున జరిగే నష్టానికీ గడువుతో కూడిన చట్టం ఉండాలి.

చంద్రపూర్ వకీలు:
మధ్యలో ఒక మాట. నీళ్ల పంపకం ట్రిబ్యునల్ పని, 1956 అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం ప్రకారం అందులో కోర్టులు తలదూర్చవు. భూమికి పరిహారం వేరే దారి. దానికి 2013 భూసేకరణ చట్టం ఉంది, బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్‌కు వెళ్లొచ్చు. ఈ రెండూ కలిపేస్తే కేసు మొదట్లోనే పడిపోతుంది. మునిగిన ప్రతిసారీ పంచనామా రాయించుకోండి, సాత్‌బారా (భూమి హక్కు పత్రం) దగ్గర పెట్టుకోండి. కేంద్రం వచ్చినా, రాష్ట్రం వచ్చినా మొదట అడిగేవి అవే.

ఆసరెల్లి కుర్రోడు:
టీచర్ సార్, మీరు చెప్పే చట్టం వస్తే సంతోషమే. అయితే నా షరతు ఒకటి. కేంద్రం అధికారులు, రెండు రాష్ట్రాల ఇంజినీర్లు మాత్రమే కూర్చునే బోర్డు అయితే వద్దు. నీటి మట్టం పెంచాలా వద్దా అని నిర్ణయించే రోజున సిరోంచ గ్రామసభలు పంపిన మనుషులకు అందులో ఓటు ఉండాలి. మనది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం 1996లోనే వచ్చింది, భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని అది చెప్తుంది. సంప్రదించడం దగ్గరే ఆగకుండా ఓటు దాకా ఒప్పుకుంటే, నేనూ మీతో సంతకం పెడతా.