అరచేతి నిఘా డ్రోన్: 5 నిమిషాలు దాటడం లేదు. దీనికి రక్షణ శాఖ గ్రాంటు వస్తుందా?

హర్షిత:
నమస్తే అండి. కాకినాడ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. నలుగురం కలిసి మెయిన్ ప్రాజెక్టుగా చిన్న నిఘా డ్రోన్ చేస్తున్నాం. జవాను తన సంచిలో వేసుకెళ్లి, గోడ అవతల ఏముందో చూసుకోగలగాలి అన్నది మా ఆలోచన. బరువు 250 గ్రాములు. 3 అంగుళాల ప్రొపెల్లర్లు నాలుగు, ల్యాబ్‌లో ఉన్న 2204 మోటార్లు, 3ఎస్ (మూడు సెల్లుల) 450 ఎంఏహెచ్ బ్యాటరీ. బాగానే ఎగురుతోంది గానీ అయిదు నిమిషాలకే దిగిపోతోంది.

మా హెచ్ఓడీ గారేమో "రక్షణ శాఖ వాళ్లు కోటిన్నర ఇస్తున్నారు, అప్లై చేసేయండి" అంటున్నారు. నిజంగా ఇస్తారా? స్టూడెంట్లకి కూడా ఇస్తారా? ఇంకో డౌటు. నార్వే వాళ్ల బ్లాక్ హార్నెట్ 33 గ్రాములే ఉండి 25 నిమిషాలు ఎగురుతుందట. మాకేమో అందులో అయిదో వంతే వస్తోంది. తేడా ఎక్కడ కొడుతోంది?

వేణు:
సింపుల్ అండి. 850 ఎంఏహెచ్ బ్యాటరీ పెట్టండి, టైము డబుల్ అయిపోద్ది.

హర్షిత:
పెట్టి చూశాం వేణు గారూ. మొత్తం బరువు 280 దాటింది, టైము మూడు నిమిషాలే పెరిగింది. పైగా డ్రోన్ రూల్స్‌లో 250 గ్రాములు దాటితే నానో కేటగిరీ పోయి మైక్రోలోకి వెళ్తుంది కదా.

చక్రపాణి (బెంగళూరు):
హర్షితా, డబ్బు సంగతి తర్వాత. గ్రాంటు కమిటీలో కూర్చున్నవాళ్లు ముందు అడిగేది ఈ అయిదు నిమిషాల లెక్కే, కాబట్టి దాని దగ్గర మొదలుపెడదాం.

గాలిలో నిలబడటానికి కావలసిన పవర్ రెండింటి మీద ఆధారపడుతుంది: బరువు, రెక్కలు తిరిగే చుట్టు వైశాల్యం. మీ నాలుగు ప్రొపెల్లర్ల వైశాల్యం కలిపితే 182 చదరపు సెంటీమీటర్లు. దాని మీద 250 గ్రాములు మోపారు. అంటే చదరపు సెంటీమీటరుకి 1.37 గ్రాములు. బ్లాక్ హార్నెట్ నాలుగు రెక్కల డ్రోన్ కాదు, బుల్లి హెలికాప్టర్. పైన దాదాపు 12 సెంటీమీటర్ల రోటరు ఒకటి, తోక దగ్గర చిన్నది ఇంకోటి. అక్కడ చదరపు సెంటీమీటరుకి 0.3 గ్రాములు కూడా పడదు. అసలు తేడా ఇక్కడుంది.

ఇప్పుడు వాట్లలో చూడండి. నష్టాలేమీ లేవనుకుంటే మీ డ్రోన్ నిలబడటానికి 18 వాట్లు కావాలి. చిన్న ప్రొపెల్లర్లు, మోటార్లు, ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని అదుపు చేసే బోర్డులు) తినేది కలుపుకుంటే 45 దాకా పోతుంది. మీ బ్యాటరీలో ఉన్నది 5 వాట్ అవర్లు, అందులో 80 శాతమే వాడుకోవాలి. భాగించండి, సరిగ్గా అయిదు నిమిషాల చిల్లర వస్తుంది. నష్టాల్లేని ఆ లెక్కే హార్నెట్‌కి వేస్తే వాటు పైచిలుకుతో సరిపోతుంది. మీ డ్రోన్ బాగానే పనిచేస్తోందమ్మా, లెక్క ప్రకారం రావలసిందే వస్తోంది.

వేణు గారి సలహా ఎందుకు పారలేదంటే, బరువు పెరిగితే పవర్ అంతకంటే వేగంగా పెరుగుతుంది. బరువు 12 శాతం పెరిగితే పవర్ దాదాపు 19 శాతం పెరుగుతుంది.

ఆ 2204 మోటార్లు ముందు తీసేయండి. ఒక్కోటి 25 గ్రాముల దరిదాపు ఉంటుంది, నాలుగు కలిపితే 100. 1404 సైజువి ఒక్కోటి పది లోపే. 60 గ్రాములు అక్కడే మిగిలిపోయాయి. ప్రొపెల్లర్ 4 అంగుళాలకి పెంచండి, పవర్ నాలుగో వంతు తగ్గుతుంది. బ్యాటరీకి ఎక్స్‌టీ60 కనెక్టర్ ఉంటే దానికంటే చిన్నదైన ఎక్స్‌టీ30 పెట్టండి, జీపీఎస్ కోసం నిలబెట్టిన పుల్ల, ల్యాండింగ్ కాళ్లు పీకేయండి. అప్పుడు మీరు తీసి పక్కన పడేసిన ఆ 850 బ్యాటరీయే వేసినా 225 గ్రాముల్లో తేలుతుంది. కాగితం మీద 15 నిమిషాలు వస్తుంది. గాలి, కెమెరా, రేడియో తినేది పోగా పన్నెండు వచ్చినా ఇప్పటికంటే రెట్టింపు.

శేషు:
చక్రపాణి గారూ, అమెరికా వాళ్లు పక్షిలా రెక్కలాడించే డ్రోన్ చేశారు కదా, పిల్లల్ని ఆ దారిన వెళ్లమనొచ్చుగా? కొత్తగా ఉంటుంది, జడ్జిలకి నచ్చుతుంది.

చక్రపాణి (బెంగళూరు):
జడ్జిలకి నచ్చుతుంది శేషూ, జవాన్లకి చేరదు. ప్రభుత్వాలు ఈ పనికి డబ్బు పోసిన కథ ఒకసారి చూడు.

1970లలోనే సీఐఏ తూనీగ ఆకారంలో ఒకటి చేయించింది. పేరు ఇన్సెక్టోథాప్టర్, బరువు గ్రాము మేర. ఎగిరింది కూడా. పక్కగాలి కొడితే నిలవలేదు, అక్కడితో ఆగిపోయి ఇప్పుడు మ్యూజియంలో ఉంది. 1990ల చివర్లో డార్పా (అమెరికా రక్షణ పరిశోధన సంస్థ) 15 సెంటీమీటర్లు దాటని విమానం కావాలని షరతు పెట్టి డబ్బిచ్చింది. ఏరోవైరాన్‌మెంట్ కంపెనీ బ్లాక్ విడో చేసింది. 80 గ్రాములు, అరగంట ఎగిరింది. స్థిరమైన రెక్కల విమానం కాబట్టి కిటికీ ముందు ఆగి లోపలికి చూడలేదు. మళ్లీ అదే డార్పా, మళ్లీ అదే కంపెనీ, నాలుగు మిలియన్ డాలర్ల మేర ఖర్చుతో 2011లో నానో హమ్మింగ్‌బర్డ్ చూపించారు. 19 గ్రాములు, 16 సెంటీమీటర్ల రెక్కలు, గాలిలో ఆగుతుంది, వెనక్కి కూడా వెళ్తుంది. ఎనిమిది నిమిషాల పైన ఎగిరింది. చూస్తే ముచ్చటేస్తుంది. సైన్యం కిట్‌లోకి మాత్రం రాలేదు.

వచ్చింది ఏదంటే నార్వేలో 2007లో పెట్టిన ప్రాక్స్ డైనమిక్స్ అనే చిన్న కంపెనీ సరుకు, హర్షిత అడిగిన బ్లాక్ హార్నెట్. దాన్ని పెట్టిన పెటర్ మూరెన్ అంతకుముందు నుంచీ బుల్లి ఆర్‌సీ హెలికాప్టర్లు చేసేవాడు. తనకి వచ్చిన పనినే ఇంకా చిన్నది చేసుకుంటూ పోయాడు. బ్రిటిష్ సైన్యం 160 యూనిట్లకి దాదాపు 2 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు ఇచ్చి, అఫ్గానిస్తాన్‌లో వాడింది. 2016లో ఫ్లిర్ కంపెనీ ఆ సంస్థను 13 కోట్ల డాలర్ల పైనే పెట్టి కొనేసింది. 2022లో నార్వే, బ్రిటన్ కలిసి ఉక్రెయిన్‌కి 850 ఇస్తామని ప్రకటించాయి.

హార్వర్డ్ వాళ్ల రోబోబీ ఇంకో లోకం. 80 మిల్లీగ్రాములు, రెక్కలు సెకనుకి 120 సార్లు కొట్టుకుంటాయి. 2013లో అది అదుపులో ఎగిరినప్పుడు కరెంటు సన్నటి వైరు ద్వారా వచ్చింది. దానికి డబ్బిచ్చింది మిలిటరీ కాదు, వాళ్ల నేషనల్ సైన్స్ ఫౌండేషన్. అలాంటివి పీహెచ్‌డీకి బాగుంటాయి, మెయిన్ ప్రాజెక్టుకి కాదు.

మన దగ్గరా ఇది కొత్తేం కాదు. డీఆర్‌డీఓ, డీఎస్‌టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) కలిసి మైక్రో ఎయిర్ వెహికల్స్ మీద జాతీయ కార్యక్రమమే నడిపాయి. బెంగళూరులో ఎన్ఏఎల్ (నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్), ఏడీఈ (డీఆర్‌డీఓ ల్యాబ్) కలిసి పనిచేశాయి. ఎన్ఏఎల్ చేసిన బుల్లి విమానం బ్లాక్ కైట్ అప్పటిదే. 2008 మార్చిలో ఆగ్రాలో అమెరికా సైన్యంతో కలిసి మైక్రో డ్రోన్ల పోటీ కూడా పెట్టారు.

వేణు:
160కి 2 కోట్ల పౌండ్లా! ఒక్కోటి లక్షా పాతిక వేల పౌండ్లు. మా వీధిలో అపార్ట్‌మెంటు రేటు.

చక్రపాణి (బెంగళూరు):
అందులో కంట్రోలు పెట్టె, విడిభాగాలు, సపోర్టు అన్నీ ఉంటాయి వేణూ. అయినా ఎక్కువే, కాదనను.

పద్మజ (హైదరాబాద్):
గ్రాంటు సంగతి నేను చెప్తాను, మా చిన్న కంపెనీ ఇదే దారిలో ఉంది. హర్షితా, మీ సార్ చెప్పింది ఐడెక్స్ గురించి, కొత్త ఆవిష్కరణలకి రక్షణ శాఖ గ్రాంటిచ్చే పథకం. 2018లో మొదలైంది. నిజమే, కోటిన్నర వరకు ఇస్తారు. కానీ "ఇస్తారు" అన్న మాట దగ్గర ఆగకండి. అది మ్యాచింగ్ గ్రాంటు. ప్రోటోటైపు ఖర్చులో సగం వాళ్లది, సగం మీది. కోటిన్నర రావాలంటే మీ వైపు నుంచి కోటిన్నర చూపించాలి. అదీ ఒకేసారి రాదు, ఒప్పుకున్న మైలురాయి చేరితే ఒక విడత. మొదటిసారి వెళ్లేవాళ్లు తడబడేది ఇక్కడే. మైలురాయి అంటే "డిజైన్ పూర్తి చేస్తాం" అని రాస్తారు. పూర్తయిందని ఎవరు తేల్చాలి? "225 గ్రాములతో, ఇంత గాలిలో, 12 నిమిషాలు, కెమెరా ఆన్‌లో" అని రాస్తే అది మైలురాయి. కొలవగలిగేది రాయండి, లేకపోతే రెండో విడత దగ్గర నెలల తరబడి ఉత్తరాలు నడుస్తాయి, జీతాలు మీ జేబులోంచి వెళ్తాయి.

అర్హత విషయానికొస్తే డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ) గుర్తింపు ఉన్న స్టార్టప్, ఎంఎస్ఎంఈ, లేదా వ్యక్తిగత ఆవిష్కర్త. కాలేజీలు కూడా ఈ ఆఖరి కేటగిరీలో రావచ్చు. ఊరికే "డ్రోన్ చేస్తాం" అంటే కుదరదు. సైన్యం, నేవీ, వాయుసేన తమకున్న సమస్యల్ని ఛాలెంజులుగా ప్రకటిస్తాయి, వాటికి జవాబుగా వెళ్లాలి. ఓపెన్ ఛాలెంజ్ కూడా ఉంటుంది. హైదరాబాద్‌లో టీ-హబ్ ఐడెక్స్‌కి పార్ట్‌నర్ ఇంక్యుబేటరే (స్టార్టప్‌లకి అండగా ఉండే సంస్థ), వెళ్లి అడగండి. పదికోట్ల ఐడెక్స్ ప్రైమ్, పాతిక కోట్ల అదితి, డీఆర్‌డీఓ టీడీఎఫ్ లాంటి పెద్ద పథకాలన్నీ ప్రస్తుతానికి మీకు అక్కర్లేదు. మీకు దగ్గరి దారి మీ సార్ పేరు మీదే ఉంది. ఏఆర్ అండ్ డీబీ అని ఏరోనాటిక్స్ పరిశోధనకి డీఆర్‌డీఓ కింద బోర్డు ఉంది, అది కాలేజీ ఫ్యాకల్టీకి ప్రాజెక్టులు ఇస్తుంది. హెచ్ఓడీ గారిని ముందు అక్కడ రాయమనండి.

నా సలహా ఒకటే: మొత్తం డ్రోన్ పట్టుకుని వెళ్లకండి. చిన్న నిఘా డ్రోన్ చేసేవాళ్లు ఇప్పటికే క్యూలో ఉన్నారు. జీపీఎస్ అందని గదిలో గోడలు గుద్దుకోకుండా తిరగగలిగే బోర్డు, అదీ పది గ్రాముల లోపు. మీరు ఈసీఈ కదా, దాని మీద కూర్చోండి. ఆ ఒక్క ముక్క చేతిలో ఉంటే పెద్ద కంపెనీలే మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి.

హర్షిత:
చాలా థాంక్స్ మేడం. ఇంకో చిన్న డౌటు. మా ఫ్లైట్ కంట్రోలర్, మోటార్లు, కెమెరా అన్నీ చైనావే, ఆన్‌లైన్‌లో కొన్నాం. సమస్యా?

పద్మజ (హైదరాబాద్):
కాలేజీ ప్రాజెక్టుకి సమస్య లేదు. 2022 ఫిబ్రవరిలో నిషేధించింది తయారైన డ్రోన్ల దిగుమతిని, విడిభాగాల్ని కాదు. సైన్యానికి అమ్మే రోజు వస్తే మాత్రం ప్రతి చిప్పు పుట్టుక అడుగుతారు. చైనా భాగాలున్నాయని 400 డ్రోన్ల కాంట్రాక్టులు 2025లో రద్దయ్యాయి. ఇప్పటినుంచే ఒక ఎక్సెల్ షీటు పెట్టుకోండి: భాగం, తయారైన దేశం, బరువు, దానికి బదులు దొరికేది. ముఖ్యంగా ఫ్లైట్ కంట్రోలరు, రేడియో, కెమెరా. మోటారు తర్వాత మార్చుకోవచ్చు.

సలీం (విశాఖ):
రేడియో అన్నారు కాబట్టి, హర్షితా, మీ టెలిమెట్రీ మాడ్యూల్ (డ్రోన్ సమాచారం కిందికి పంపే రేడియో) మీద 915 మెగాహెర్ట్జ్ అని ఉందా? ఆన్‌లైన్‌లో దొరికేవి సగం అవే. అది అమెరికా బ్యాండ్. ఇక్కడ లైసెన్సు లేకుండా వాడుకోవడానికి ఇచ్చింది 865 నుంచి 868. సెట్టింగ్స్‌లో మార్చుకోగలిగే మాడ్యూల్ అయితే మార్చండి, లేదంటే 2.4 గిగాహెర్ట్జ్‌కి వెళ్లిపోండి. రక్షణ శాఖ వాళ్ల ముందు డెమో ఇస్తూ అక్రమ ఫ్రీక్వెన్సీలో కూర్చుంటే బాగుండదు.

ఇక ఎగరేసే చోటు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గుర్తింపున్న విద్యాసంస్థ పరిశోధన కోసం ఎగరేస్తే టైప్ సర్టిఫికెట్ (మోడల్‌కి ఇచ్చే ఆమోదం), యూఐఎన్ (డ్రోన్ రిజిస్ట్రేషన్ నంబరు), పైలట్ లైసెన్సు ఏవీ అక్కర్లేదు. షరతేంటంటే గ్రీన్ జోన్ (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) అయి ఉండాలి, మీ ప్రాంగణంలోనో మీ అదుపులో ఉన్న ఖాళీ స్థలంలోనో ఎగరేయాలి. ప్రభుత్వ డ్రోన్ సైటు డిజిటల్ స్కై మ్యాపులో కాలేజీని వెతికి స్క్రీన్‌షాట్ తీసి ఫైల్లో పెట్టుకోండి. మా వైజాగ్‌లో నేవీ ఎయిర్‌ఫీల్డు ఉంది, హైదరాబాద్‌లో బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి. 100 గ్రాములదే కదా అని అక్కడ లేపితే పోలీసు స్టేషన్లో తేలతారు.

హర్షిత:
సలీం అన్నా, చూశాను, 915యే! ఇవాళే మారుస్తాం. చక్రపాణి సార్, 1404 మోటార్లు ఆర్డర్ పెట్టాం. అవి వచ్చేలోపు మేం ఏం చేస్తే మంచిది?

చక్రపాణి (బెంగళూరు):
థ్రస్ట్ స్టాండు (ప్రొపెల్లరు ఎంత బరువు ఎత్తగలదో కొలిచేది) కట్టండి. కొనక్కర్లేదు. వంటింటి డిజిటల్ తూకం, చెక్క లివరు, ఒక వాట్ మీటరు చాలు. ప్రతి ప్రొపెల్లరుకీ థ్రాటిల్ పదేసి శాతం పెంచుతూ గ్రాములు, వాట్లు రాసుకోండి. గ్రాముని వాటుతో భాగించిన పట్టిక ఒకటి తయారవుతుంది. ఆ పట్టిక మీ ప్రెజెంటేషన్‌లో రెండో స్లైడు. కళ్లద్దాలు పెట్టుకోండి, ప్రొపెల్లరు తిరిగే గీతకి ఎదురుగా ఎవర్నీ నిలబడనివ్వకండి.